శ్రీశైలం ఘాట్‌లో వేడెక్కిన క్లచ్: నెల్లూరు అన్నదమ్ముల రెండు ఎస్‌యూవీలు, రెండు గేర్‌బాక్సులు

ఆటోమేటిక్ గేర్‌బాక్సుల మరమ్మతు నా వృత్తి. షెడ్డు నెల్లూరులోనే. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఒక్కటే: తన బండిలో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్కో యజమానికి తెలియదు. షోరూములో రంగు చెబుతారు, సన్‌రూఫ్ చెబుతారు, తెర ఎన్ని అంగుళాలో చెబుతారు. గేర్‌బాక్స్ సంగతి వచ్చేసరికి ‘ఆటోమేటిక్ అండీ, క్లచ్ తొక్కే పని లేదు’ అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఆ ఒక్క మాట ఒక కుటుంబాన్ని ఎంత కంగారు పెట్టిందో చెప్పే కేసు ఇది.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న అన్నదమ్ములు. కాపురాలు నెల్లూరులో. ఇద్దరికీ ఒకే మోడల్ మిడ్‌సైజ్ ఎస్‌యూవీ, ఒకే రంగు, ఇద్దరిదీ ఆటోమేటిక్. ఇంజిన్లు మాత్రం వేరు. అన్న కొన్నదాన్ని చూసి తమ్ముడు అదే మోడల్‌లో ఎక్కువ బలమున్న ఇంజిన్ తీసుకున్నాడు. ఇంజిన్‌తోపాటు గేర్‌బాక్స్ కూడా మారిపోయిందని ఇద్దరికీ తెలియదు. అన్న బండిది 6 గేర్ల టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా అందించే రకం. తమ్ముడిది 7 గేర్ల డ్రై క్లచ్ డీసీటీ, అంటే నూనె తగలని రెండు పొడి క్లచ్‌లతో పనిచేసే డ్యూయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్.

మహాశివరాత్రికి ముందు రెండు కుటుంబాలూ కలిసి శ్రీశైలం బయల్దేరాయి. ఒంగోలు, పొదిలి, మార్కాపురం మీదుగా దోర్నాల వరకు ఏ ఇబ్బందీ లేదు. దోర్నాల దాటాక నల్లమల ఘాట్ మొదలవుతుంది. ఆ రోజుల్లో అక్కడి రద్దీ తెలిసినవారికి తెలుసు. బస్సుల వెనుక బస్సులు, మలుపు దగ్గర ఆగడం, పది అడుగులు కదలడం, మళ్లీ ఆగడం. అలా గంటకు పైగా పాకాక తమ్ముడి బండిలో కాలిన వాసన వచ్చింది. తెర మీద గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత పెరిగిందని, బండిని సురక్షితమైన చోట ఆపమని హెచ్చరిక వెలిగింది. పక్కకు తీసి ఆపారు. అరగంటకు హెచ్చరిక పోయింది, బండి కదిలింది. కానీ నెల్లూరు తిరిగొచ్చాక నిలిచిన చోటు నుంచి కదిలే ప్రతిసారీ అదురు మొదలైంది. వెనుక అంగుళం దూరంలో అదే మోడల్ బండిలో వచ్చిన అన్నకు మాత్రం ఏమీ కాలేదు.

నా దగ్గరికి వచ్చేలోపు వాళ్లు ఇద్దరిని అడిగారు. ఒకరు గేర్‌బాక్స్ ఆయిల్ మార్చమన్నారు. ఇంకొకరు గేర్‌బాక్స్ మొత్తం పోయింది, లక్షల్లో ఖర్చన్నారు. తమ్ముడు బండి దిగుతూనే అడిగిన మాట: “అన్నా, మా అన్న బండికి రాని రోగం నా బండికెందుకొచ్చింది? నాకు ఇచ్చిన పీసే చెడ్డదా?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆటోమేటిక్ రకాలన్నింటినీ ఒకే చోట నిలబెట్టి చూడాలి. నేను ఎవరికి చెప్పినా ఒకే దగ్గర మొదలుపెడతాను. బండి ఆగి ఉంటుంది, ఇంజిన్ తిరుగుతూ ఉంటుంది. తిరిగే ఇంజిన్‌ను నిలిచిన చక్రాలకు కలిపే క్షణంలో ఎక్కడో ఒకచోట జారుడు జరిగి తీరాలి. జారిన చోట వేడి పుడుతుంది. ఆ వేడి ఎక్కడ పుడుతోంది, దాన్ని ఏది మోసుకుపోతోంది? దీనికి జవాబు తెలిస్తే ఏ బండిని ఎలా నడపాలో సగం తెలిసినట్టే.

టార్క్ కన్వర్టర్‌లో ఆ జారుడు నూనెలో జరుగుతుంది. ఇంజిన్ వైపు ఒక రెక్కల చక్రం, గేర్ల వైపు ఇంకో రెక్కల చక్రం, మధ్యలో నూనె. రెంటికీ నేరుగా కలయిక లేదు. దీన్ని ఆ అన్నదమ్ములకు వాళ్ల గుంటలో నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్‌తోనే చెప్పాను: ఏరియేటర్ తిరిగితే నీళ్లు తోసుకుపోతాయి కదా, ఆ తోపుకు ఎదురుగా ఇంకో చక్రం పెడితే అదీ తిరుగుతుంది, దాన్ని చేత్తో పట్టి ఆపినా ఏరియేటర్ మోటారు ఆగదు. కన్వర్టర్ పనీ అంతే. మధ్యలో స్టేటర్ అనే మూడో భాగం నూనె ప్రవాహాన్ని మళ్లించడం వల్ల కదిలే క్షణంలో టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు రెండింతల వరకు పెరుగుతుంది. నిండా మనుషులున్న బండి ఏటవాలు మీద మెత్తగా లేవడానికి కారణం అదే. పుట్టిన వేడిని నూనె తనతో తీసుకుపోయి కూలర్‌లో వదిలేస్తుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ రెండు చక్రాలనూ కలిపేస్తుంది కాబట్టి హైవే మీద జారుడు ఉండదు. నూనె పాతబడితే మాత్రం ఈ మేలంతా పోతుంది. జీవితకాలం మార్చనక్కర్లేని నూనె అన్న మాటను మా ఎండల్లో నేను నమ్మను. రోహిణి కార్తెలో నెల్లూరు రోడ్ల మీద తిరిగే బండికి, యజమాని పుస్తకంలో కఠిన పరిస్థితుల కింద రాసిన గడువే వర్తిస్తుంది.

డీసీటీ అసలు స్వరూపం మాన్యువల్ గేర్‌బాక్సే. రెండు క్లచ్‌లు, రెండు షాఫ్టులు. ఒక క్లచ్ 1, 3, 5, 7 గేర్లను, రెండోది 2, 4, 6 గేర్లతోపాటు రివర్స్‌ను చూసుకుంటుంది. మూడో గేరులో పోతుండగానే నాలుగో గేరు పడి సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతూ ఇంకొకటి పట్టుకుంటే గేరు మారిపోతుంది, ఇంజిన్ బలం చక్రాలకు తెగకుండా అందుతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి జాతీయ రహదారి 16 మీద నడిపినప్పుడు దీని హాయి తెలుస్తుంది, మైలేజీ కూడా బాగుంటుంది. చిక్కంతా రద్దీలో మెల్లగా పాకడంలోనే. డ్రై క్లచ్ రకంలో జారుడు పొడి ప్లేట్ల మధ్య జరుగుతుంది. వేడిని మోయడానికి అక్కడ నూనె లేదు, హౌసింగ్‌లోని గాలి మాత్రమే ఉంది. బండి సాగుతూ ఉంటే ఆ వేడి మెల్లగా పోతుంది. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో ఎత్తు ఎక్కుతూ ఉంటే పోయే దారి ఉండదు. వెట్ క్లచ్ రకంలో ప్లేట్లు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి ఓర్పు ఎక్కువ. టాటా నెక్సాన్‌లో డీసీఏ పేరుతో వచ్చేది ఆ రకమే. బ్రోచర్‌లో డీసీటీ అని చదివి ఊరుకోకుండా, డ్రైనా వెట్టా అని అడగాలి.

ఇంతవరకు చెప్పాక అన్న తల ఊపాడు. తమ్ముడికి ఇంకా సందేహం పోలేదు. అందుకే మాటలు ఆపి బండి చూడటం మొదలుపెట్టాం.

ముందుగా అడిగింది నడిపిన తీరు. ఘాట్‌లో ఎత్తు మీద బండి ఆగినప్పుడు బ్రేక్ తొక్కావా అని అడిగితే, లేదు, కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి బండి వెనక్కి పోకుండా నిలబెట్టానన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావంటే అన్న బండిలో. అన్న అలాగే నడుపుతాడు. టార్క్ కన్వర్టర్‌లో అది మంచి అలవాటు కాకపోయినా నూనె దాన్ని భరిస్తుంది. డ్రై క్లచ్‌లో అలా నిలబెట్టడమంటే మాన్యువల్ బండిలో హాఫ్ క్లచ్ మీద గంటసేపు నిలబెట్టినట్టే. కాలిన వాసనకు అంతకన్నా వేరే కారణం వెతకనక్కర్లేదు.

అయినా వాసనను, మాటను బట్టి తీర్పు చెప్పకూడదు. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ పెట్టాం. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో క్లచ్ అధిక ఉష్ణోగ్రత కోడ్ పాతదిగా నమోదై ఉంది. దానితోపాటు దాచిన వివరాల్లో ఆ క్షణాన మొదటి గేరు, వేగం గంటకు 5 కిలోమీటర్లు, బ్రేక్ మీద కాలు లేదు, యాక్సిలరేటర్ మీద ఉంది. ఆ కుర్రవాడు చెప్పింది అక్షరాలా నిజం. క్లచ్‌ను కదిలించే యాక్చుయేటర్లకు, సెన్సర్లకు సంబంధించిన కోడ్‌లు ఒక్కటీ లేవు. గేర్‌బాక్స్ మొత్తం పోయిందన్న మాట అక్కడే వీగిపోయింది.

ఆయిల్ మార్చమన్న సలహా సంగతి. డ్రై క్లచ్ డీసీటీలో గేర్లకు నూనె ఉంటుంది, క్లచ్‌కు ఉండదు. గేర్ల నూనె ఎంత కొత్తదైనా క్లచ్ ప్లేటును తాకదు, చల్లబరచదు. ఆ డబ్బు వృథా అయ్యేది.

తరువాత అదురు ఎక్కడిదో తేల్చాలి. ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంట్లు చూశాం, బాగున్నాయి. ఇంజిన్ ఏ సిలిండర్‌లోనూ మిస్ కావడం లేదు. రోడ్డు మీదికి తీశాం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, నగరంలో రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గరి రద్దీలో తిరిగి వేడెక్కాక ఇంకోసారి. చల్లగా ఉన్నప్పుడు అదురు స్వల్పం. అండర్‌బ్రిడ్జి లోంచి పైకి ఎక్కుతూ ఆగి కదిలినప్పుడు బాగా తెలిసింది. ఒకసారి పట్టు దొరికాక అన్ని గేర్లూ నునుపుగా మారుతున్నాయి.

ఈ కేసులో నాకు బాగా ఉపయోగపడిన పరీక్ష చాలా సులువైనది. ఒక ఏటవాలు ర్యాంపు మీద మొదటి గేరులో ముందుకు ఎక్కించాం, అదిరింది. బండిని తిప్పి అదే ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కించాం, అదరలేదు. మొదటి గేరు బేసి క్లచ్ మీద, రివర్స్ సరి క్లచ్ మీద పనిచేస్తాయని పైన చెప్పాను. మౌంటు గానీ, ఫ్లైవీల్ గానీ, ఇంజిన్ గానీ కారణమైతే రెండు వైపులా అదరాలి. ఒక్క వైపే అదిరిందంటే తప్పు బేసి క్లచ్ ప్లేటుది. ఘాట్‌లో గంటసేపు కాలింది కూడా అదే. అతి వేడికి ప్లేటు పైపొర కాలి నున్నబడింది, అందుకే సమంగా పట్టుకోవడం లేదు. బండి 31 వేల కిలోమీటర్లే తిరిగింది. ప్లేటు అరిగిపోయేంత కాలేదు, యాక్చుయేటర్ స్థానాలను చూసినా అరుగుదల హద్దు దాటలేదు.

బండి ఇంకా కంపెనీ వారంటీలో ఉంది. వారంటీలో ఉన్న గేర్‌బాక్స్‌ను నేను విప్పను, విప్పమని బతిమాలినా విప్పను. బయట విప్పిన బండికి తరువాత ఏ హక్కూ మిగలదు. నేను చేసింది క్లచ్ పట్టుకునే స్థానాన్ని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించడం, అంటే అడాప్టేషన్. వేడిలో వంగి, చల్లారి, పొర మారిన ప్లేటు పాత లెక్క ప్రకారం పట్టుకోదు. కొత్తగా నేర్పాక అదురు సగానికి పైగా తగ్గింది. స్కానర్ నివేదికలు ముద్రించి ఇచ్చి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదును లిఖితంగా నమోదు చేయించమన్నాను. రేపు క్లచ్ సెట్ మార్చాల్సి వచ్చినా, సమస్య వారంటీలో ఉన్నప్పుడే మొదలైందనడానికి ఆ కాగితమే ఆధారం.

మిగిలిన పని తమ్ముడి పాదానిది. డ్రై క్లచ్ డీసీటీని ఘాట్‌లో నడపడానికి నేను చెప్పినవి ఇవి. ఎత్తు మీద ఆగితే బ్రేక్ పూర్తిగా తొక్కాలి లేదా కాలు తీసినా బ్రేక్‌ను పట్టి ఉంచే ఆటో హోల్డ్ వేయాలి. బ్రేక్ పూర్తిగా తొక్కితే క్లచ్ విడిపోతుంది, ప్లేటుకు విశ్రాంతి దొరుకుతుంది. సగం సగం తొక్కుతూ పాకితే విడిపోదు. ముందు బండి రెండడుగులు కదలగానే వెంటపడకూడదు. ఖాళీ పెరిగేదాకా ఆగి, క్లచ్ పూర్తిగా పట్టుకునేలా ఒక ఊపులో కదిలి, మళ్లీ ఆగాలి. వెనుకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వాలి. లివర్‌ను మాన్యువల్ వైపు జరిపి మొదటి గేరులోనే ఉంచితే కంప్యూటర్ తొందరపడి రెండో గేరుకు పోయి అక్కడ జారించదు. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే పార్కింగ్‌లో పెట్టాలి. హెచ్చరిక వెలిగితే పక్కకు ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, పార్కింగ్‌లో పెట్టి, అది పోయేదాకా కదలకూడదు. హెచ్చరిక వచ్చాక కూడా ఇంకో మలుపు దాటితే శిఖరం వచ్చేస్తుందనుకునేవారే క్లచ్ సెట్ మార్పించుకుంటారు.

ఇక్కడొక మాట. తమ్ముడి బండిని చెడ్డ బండి అనలేను. ఒక మోడల్ పేరు కింద ఎన్ని గేర్‌బాక్సులు ఉంటున్నాయో చూడండి. మన పెనుకొండలో 2019 నుంచి తయారవుతున్న కియా సెల్టోస్‌లో సాధారణ పెట్రోలుకు ఐవీటీ పేరుతో సీవీటీ (గేర్లకు బదులు పుల్లీలు, బెల్టు ఉండే రకం), డీజిల్‌కు 6 గేర్ల టార్క్ కన్వర్టర్, టర్బో పెట్రోలుకు 7 గేర్ల డీసీటీ ఇచ్చారు. హ్యుందాయ్ క్రెటాలోనూ అదే వరస. 2021లో వచ్చిన స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగన్‌లలో 1.0 లీటర్ ఇంజిన్‌కు 6 గేర్ల టార్క్ కన్వర్టర్, 1.5 లీటర్‌కు 7 గేర్ల డీసీటీ. 2022లో వచ్చిన మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్‌లలో విద్యుత్ మోటారు ఇంజిన్‌కు కొద్దిగా సాయం మాత్రమే చేసే మైల్డ్ హైబ్రిడ్‌కు టార్క్ కన్వర్టర్, మోటారే బండిని లాగగలిగే స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు ఈ-సీవీటీ (దీని సంగతి కింద చెబుతాను). పేరు చూసి పక్కింటివారి అనుభవాన్ని మన బండికి అన్వయించే రోజులు పోయాయి. ఈ సంగతిని అమ్మేవారే విడమరచి చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను. చెప్పడానికి పట్టేది పది నిమిషాలు.

కేసు అక్కడితో ముగియలేదు. అదే సమయంలో వాళ్ల నాన్నకు కూడా ఒక ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొనే ఆలోచనలో ఉన్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పి, క్లచ్ తొక్కలేరు. ఈసారి కొనకముందే వచ్చి అడిగారు, అందుకు సంతోషం. తమ్ముడు హైబ్రిడ్ కావాలన్నాడు, ఆయన కోడలు సీవీటీ మెత్తగా ఉంటుందని విన్నది.

ఆమె విన్నది నిజమే. సీవీటీలో లెక్కపెట్టే గేర్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఉక్కు బెల్టు. పుల్లీల వెడల్పు మారేకొద్దీ నిష్పత్తి మారుతూ పోతుంది, గేరు మారిన కుదుపు ఉండదు. ఇప్పటి సీవీటీలు చాలా వాటిలో కదలడానికి ముందు భాగంలో టార్క్ కన్వర్టరే ఉంటుంది కాబట్టి నగరంలో, సిగ్నళ్ల దగ్గర వేడి బాధ తక్కువ. గట్టిగా తొక్కితే ఇంజిన్ శబ్దం ముందు లేచి వేగం తరువాత అందుతుంది, కొందరికి అది నచ్చదు. ఆయనకు దానితో పేచీ లేదు, ఎప్పుడూ నిదానంగానే నడుపుతారు. పేచీ గుంట కట్టల దగ్గర వచ్చింది. ఆయన రోజూ పోయేది రొయ్యల గుంటల మీదికి. వానాకాలంలో ఆ కట్టల మీద బురదలో చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, ఒక్కసారిగా గట్టి నేల తగిలి పట్టు దొరుకుతుంది. ఆ ఎదురుదెబ్బ నేరుగా బెల్టు మీద పడుతుంది. బెల్టు జారి పుల్లీ మీద గీత పడితే దానికి మరమ్మతు లేదు, మార్చడమే. ఎప్పుడో ఒకసారి అయితే తట్టుకుంటుంది. రోజూ అదే దారి అయితే నేను సీవీటీ చెప్పను.

ఈ-సీవీటీకి సీవీటీతో పోలిక పేరులోనే ఉంది. అందులో బెల్టు లేదు, జారే క్లచ్ లేదు. ప్లానెటరీ గేర్ల సెట్ ఒకటి, రెండు విద్యుత్ మోటారు జనరేటర్లు, ఇంజిన్. నిలిచిన చోటు నుంచి సాధారణంగా మోటారే లాగుతుంది. మోటారు సున్నా వేగం నుంచే టార్క్ ఇస్తుంది కాబట్టి, మొదట నేను అడగమన్న ప్రశ్నకు దీని జవాబు అన్నింటికన్నా చక్కనిది: జారుడే లేదు. వీఆర్‌సీ సెంటర్, గాంధీబొమ్మ, ట్రంకు రోడ్డు రద్దీలోనే రోజు గడిచేవారికి నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే. నాన్నగారి తిరుగుడు సగం నగరంలోనే కాబట్టి ఇది కూడా సరిపోయేది. కానీ ధర ఎక్కువ, బ్యాటరీ వల్ల డిక్కీ చోటు తగ్గుతుంది. ఆయన మేత బస్తాలు వేసుకుపోయే మనిషి.

ఏఎంటీ మాట కూడా వచ్చింది, ధర తక్కువని. మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్ తొక్కే, గేరు మార్చే యంత్రాన్ని తగిలించినది అది. క్లచ్ ఒక్కటే, అదీ పొడిదే. గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగుతుంది. చిన్న కార్లకు, చిన్న ఎస్‌యూవీలకు పొదుపైన ఏర్పాటు. వాళ్లు చూస్తున్న తరగతి బండ్లకు దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

చివరికి నాన్నగారికి 6 గేర్ల టార్క్ కన్వర్టర్ బండే తీసుకున్నారు. కొనేముందు ఒక్క పని చేయమన్నాను: షోరూము ముందున్న చదును రోడ్డు మీద కాకుండా నలుగురిని ఎక్కించుకుని అండర్‌బ్రిడ్జి ఎత్తులో ఆపి, కదిలించి చూడమని. చూశారు, ఆయనకు నచ్చింది. మైలేజీ హైబ్రిడ్ అంత రాదు, ఆ సంగతి ముందే చెప్పాను.

తమ్ముడి బండి ఎండాకాలం దాటాక మళ్లీ వచ్చింది. క్లచ్ వాడకం మారడంతో కాలిన పొర మెల్లగా పోయి పట్టు మెరుగుపడింది. ర్యాంపు మీద వేడెక్కిన స్థితిలో మాత్రమే కొద్దిపాటి అదురు తెలుస్తోంది. కార్తీక మాసంలో అదే ఘాట్‌కు, అదే రద్దీలో, అదే మనుషులతో వెళ్లివచ్చారు. హెచ్చరిక వెలగలేదు, స్కానర్‌లో కొత్త కోడ్ లేదు. సర్వీస్ సెంటర్‌వారు కూడా పరీక్షించి, ప్రస్తుతానికి క్లచ్ సెట్ మార్చే అవసరం లేదని రాసిచ్చారు. వారంటీ ముగియడానికి నెల ముందు ర్యాంపు మీద ముందుకూ వెనక్కూ అదే పరీక్ష మళ్లీ చేయించుకోవాలని, అప్పటికి అదురు పెరిగి ఉంటే క్లచ్ మార్పును వారంటీలోనే అడగాలని అతనికి చెప్పాను.